సాగని పట్టీ

కథ ఎక్కడ ఆగిందో గుర్తున్నవాళ్ళు ఈ పేరా దాటేయవచ్చు. కిందటి వారం పత్రికని పక్కింటివాళ్ళు పట్టుకుపోయి ఇంకా తిరిగివ్వనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెబుతాను. తోళ్ళ ఫ్యాక్టరీలో తయారైన నడుం పట్టీ ఒకటి చిరిగి, ఎత్తుల మీద పనిచేసే మనిషి రేకుల కప్పు మీద పడ్డాడు. ప్రాణం దక్కింది గానీ తుంటి విరిగింది. ఆ పట్టీ కోసింది కటింగ్ మేస్త్రి. అతను నిన్న యజమాని ముందు తల వంచుకుని నిలబడి, "తప్పు నాదే సార్. వీపు తోలు చాలక పొట్ట తోలులోంచి కోశాను. ఆ ఒక్క పట్టీయే," అనేశాడు. యజమాని గుండెల మీంచి బరువు దిగింది. పొద్దున్నే ఎత్తుల పనివాళ్ళని పిలిపించి, చెడ్డది ఆ ఒక్కటే, మిగతావాటికి ఢోకా లేదు, నిశ్చింతగా ఎక్కండని చెప్పేశాడు. బాయిలర్ ఆపిన రోజు కాబట్టి ముందు తన ఫ్యాక్టరీ పొగగొట్టానికే రంగు వేయమన్నాడు. మేస్త్రిని ఈ పూటతో పనిలోంచి పంపేస్తానని కూడా అన్నాడు.

మేస్త్రి భార్యది అదే ఫ్యాక్టరీలో పరీక్షల గది. పొద్దస్తమానం మైక్రోస్కోపుకి కళ్ళు అతికించుకుని కూర్చుంటుందని ఆమెకి 'భూతద్దం' అని పేరు పెట్టారు. మొదట్లో మూతి ముడుచుకునేది, ఇప్పుడు ఆ పేరుతో పిలిస్తేనే పలుకుతుంది. ఆ భూతద్దం చిరిగిన పట్టీని చేతబట్టుకుని యజమానినీ, మొగుణ్ణీ, ఆరబెట్టే షెడ్డు చూసుకునే అత్తగారినీ తన గదిలోకి పిలిచి, తలుపు గడియ పెట్టి, "ఈయన చెప్పింది అబద్ధం," అంది. అక్కడ ఆగాం.

యజమాని ఒంటికాలి మీద లేచాడు.

"అబద్ధమేంటమ్మా? తప్పు నాదేనని వాడే ఒప్పుకున్నాక మధ్యలో నీకేంటి?"

"ఒప్పుకున్నారనే నా భయం సార్," అంది భూతద్దం. "పొట్ట తోలయితే ఆ ఒక్క పట్టీతో పోతుంది. కాకపోతే ఆ విడతలో చేసినవన్నీ ఇంతే. అవి ఎవరెవరి నడుములకున్నాయో మీకు తెలుసా?"

 మేస్త్రి గోడకి ఆనుకుని నేల చూపులు చూస్తున్నాడు. అతను అబద్ధం ఆడినప్పుడల్లా బొటనవేలితో చూపుడువేలి గోరు గీరుకుంటాడు. పెళ్ళయిన వారానికే ఆమె కనిపెట్టిన రహస్యం అది. ఇప్పుడా గోరు అరిగిపోయేలా ఉంది.

అత్తగారు తలుపు పక్కన స్టూలు మీద కూర్చుంది. షెడ్డులో అందరికీ ఆవిడ పెద్దమ్మ. యజమాని కూడా పెద్దమ్మా అనే పిలుస్తాడు. ఎప్పుడూ నలుగురి మాటకి తన మాట అడ్డం వేసే మనిషి, వచ్చినప్పటినుంచీ నోరు విప్పలేదు. కొడుకు కొంప కూల్చుకున్నాడన్న దిగులు ఒకటే ఆవిడ ముఖంలో ఉంది.

భూతద్దం తలెత్తి చూసింది. ఎదురుగా కిటికీ. కిటికీలో పొగగొట్టం. దాని పైకి వెళ్ళే ఇనప చువ్వల మీద, సగానికి పైన, ఎర్ర టోపీ ఒకటి కదులుతోంది. అది ఆమె సొంత అన్న. చిన్నప్పుడు ఎక్కడ ఎత్తు కనిపిస్తే అక్కడికి పాకేవాడని ఉడుత అన్నారు, పెళ్ళయి కూతురు పుట్టినా ఆ పేరు వదల్లేదు. ఈ ఫ్యాక్టరీలో పని పడినప్పుడల్లా సాయంత్రం సైరన్ మోగగానే నడుం పట్టీ మీద బరువంతా వేసి, పక్కకి తిరిగి, చెల్లెలి కిటికీ వైపు టోపీ ఊపుతాడు. ఈ కోతి వేషాలు మానవా అన్నయ్యా అని ఆమె ఎన్నిసార్లు తిట్టిందో. తిట్టినరోజు రెండుసార్లు ఊపుతాడు. అయితే అతను కట్టుకునేది ఎప్పటిదో పాత పట్టీ, లాగీ లాగీ మూరెడు సాగింది. కాబట్టి అతని గురించి బెంగ లేదు. మిగతావాళ్ళ గురించే ఆమె బెంగ.

"ముందు ఇది చూడండి సార్," అంటూ మైక్రోస్కోపు యజమాని వైపు తిప్పింది. "ఇది పొట్ట తోలు. అడ్డంగా పల్చటి పొర కోసి పెట్టాను."

యజమాని కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి వంగాడు. "దూది పీకినట్టుంది."

"అదే. తోలంటే పైకి నునుపుగా కనిపించేదే అనుకుంటాం. దాని బలమంతా లోపలి పోగుల్లో ఉంటుంది. కొల్లాజెన్ పోగులు. పొట్ట దగ్గర అవి వదులుగా, పడుకున్నట్టు ఉంటాయి. తిండి తిన్నప్పుడు పొట్ట సాగాలి కదా, అందుకు. ఇప్పుడు ఇది చూడండి, మంచి వీపు తోలు."

"ఇది బుట్ట అల్లినట్టుంది."

"అవును సార్. లావు లావు పోగులు కింది నుంచి పైకి ఏటవాలుగా లేచి, ఒకదాని కిందనుంచి ఒకటి దూరి అల్లుకుని ఉంటాయి. ఎక్కడైనా చిన్న చిరుగు పడితే, అది రెండడుగులు వెయ్యకుండానే అడ్డంగా ఇంకో పోగు తగులుతుంది. దాన్ని తెంపితే మరొకటి. చిరుగు అక్కడే అలిసిపోతుంది."

ఆమె చెయ్యి మూడో గాజు పలక మీద ఆగింది. అది పెట్టేముందు మొగుడి వైపు చూసింది. అతను చిన్నగా తల అడ్డంగా ఊపాడు. వద్దని చెప్పడం కాదది, బతిమాలడం.  అయినా పలక పెట్టింది.

"ఇది చిరిగిన పట్టీ."

యజమాని చాలాసేపు చూశాడు. కళ్ళు తీసి, తుడుచుకుని, మళ్ళీ చూశాడు.

"పోగులు లావుగానే ఉన్నాయి. దూదిలా లేదు."

"లేదు. ఇది అసలు సిసలు వీపు తోలు. మేస్త్రి కోత తప్పలేదు. వెన్ను గీత పక్కనే, నిలువునా, ఎలా కొయ్యాలో అలాగే కోశారు. కానీ అల్లిక ఏది సార్?"

"అన్నీ ఒకవైపే ఉన్నాయి," అన్నాడు యజమాని నెమ్మదిగా. "దువ్వెన పెట్టి దువ్వినట్టు."

"ఆపు," అన్నాడు మేస్త్రి. గోడ వదిలి ముందుకొచ్చాడు. "ఆ గాజు ముక్కల్లో నీకేదో కనిపించిందని నేను చేసిన తప్పు చెయ్యలేదంటావా? పొట్ట తోలే కోశాను. నా చేత్తో కోశాను. ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం, పద."

"ఇంటికెళ్ళాక మీరేం చెప్పినా వింటాను. ఇక్కడ వినను."

"అందరి ముందూ నన్ను అబద్ధాలకోరుని చెయ్యడం నీకు ముచ్చటగా ఉందా?"

"ముచ్చటా?" ఆమె గొంతు పెంచింది. నలుగురిలో మొగుణ్ణి మీరనే పిలిచే మనిషి, అదీ మర్చిపోయింది. "రాత్రంతా నువ్వు అటు తిరిగి, నేను ఇటు తిరిగి పడుకున్నాం. నిద్రపోతున్నట్టు నటించావు. ఎవరి కోసం నటించావో నాకు తెలియదనుకున్నావా?"

 స్టూలు మీద పెద్దమ్మ మొదటిసారి తలెత్తి కొడుకునీ కోడల్నీ మార్చి మార్చి చూసింది.

 భూతద్దం గది మూలనున్న మిషను దగ్గరికి నడిచింది. పట్టీ ముక్కని రెండు ఇనప దవడల మధ్య బిగించి, చక్రం తిప్పితే, ఎంత బరువుకి తెగుతుందో ముల్లు చూపించే మిషను. ఈ ఫ్యాక్టరీ తోళ్ళన్నీ దాని ముందు తలవంచినవే. చిరిగిన పట్టీలో మిగిలిన ముక్కని నిలువునా బిగించి తిప్పింది. ముల్లు లేచింది. మామూలు పట్టీ తెగే చోటు దాటింది, ఇంకా పైకి పోయింది. ముక్క ఒక్క వెంట్రుకవాసి సాగలేదు.

"చూశావా!" అన్నాడు యజమాని. "ఇంత గట్టిగా ఉంటే..."

"ఇదే నన్ను ముంచింది సార్. ఈ విడత వచ్చినప్పుడు ముల్లు ఇంత పైకి పోయిందని సంబరపడ్డాను. షెడ్డుకి పరిగెత్తుకెళ్ళి అత్తయ్య రెండు చేతులూ పట్టుకున్నాను. మీ చేతిలో ఏదో ఉంది అత్తయ్యా, తోలు ఇసుమంతైనా సాగట్లేదు అన్నాను. సాగకపోతే గట్టిదనేగా మనందరి లెక్క! మనం ఎప్పుడూ నిలువునా లాగి చూస్తాం, కొనేవాళ్ళు అదొక్కటే అడుగుతారు కాబట్టి. బెజ్జం దగ్గర చీల్చి ఎవరు చూశారు?"

ఇంకో ముక్క తీసింది. మధ్యలో నిలువుగా చిన్న గాటు పెట్టి, గాటుకి అటూ ఇటూ ఉన్న రెండు చీలికల్నీ రెండు దవడల్లో బిగించింది. అలాంటిదే మంచి వీపు తోలు ముక్క ముందు పెట్టి తిప్పింది. చక్రం బరువెక్కింది. చిరుగు కొంచెం జరిగి, వంకర తిరిగి, అంచులనిండా పీచు లేచి మొరాయించింది. ఆమె భుజం నొప్పెట్టింది.

తర్వాత రెండోది. చక్రం నీళ్ళలో తిరిగినట్టు తిరిగింది. చప్పుడు కూడా పెద్దగా లేదు. గాటు దగ్గర మొదలైన చిరుగు, వెదురుబద్ద చీలినట్టు, చివరిదాకా తిన్నగా పోయింది. రెండు ముక్కలూ చెరో దవడకి వేలాడాయి. అంచు మీద ఒక్క పీచు లేదు.

చిరిగిన పట్టీ అంచు కూడా సరిగ్గా అలాగే ఉంది. బకిల్ ముల్లు దూరే బెజ్జం దగ్గర మొదలై, పట్టీ కొసదాకా, గీత గీసినట్టు.

"ఆసుపత్రిలో ఆయన ఏం చెప్పారు సార్? వెనక్కి వాలినంతసేపూ ఏమీ కాలేదు, కింద నుంచి స్పానర్ అందిస్తుంటే పక్కకి తిరిగాను, అంతే, అన్నారు. తిన్నగా లాగితే ఈ తోలుకి ఎదురులేదు. పక్కకి తిరిగితే బకిల్ ముల్లు బెజ్జాన్ని పక్కకి నెడుతుంది. ఒకవైపు దువ్వేసిన పోగులు, వాటి మధ్యలో దారి తీసుకుంటూ పోతుంది. అడ్డుకునే పోగు ఒక్కటి లేదు."

యజమాని కుర్చీ లాక్కుని కూలబడ్డాడు. "మరి ఆ అల్లిక ఏమైంది? తోలు పుట్టుకలోనే అలా..."

"పుట్టుకలో కాదు," అన్నారెవరో.

పెద్దమ్మ. లేచి మిషను దగ్గరికొచ్చింది. చీలిన ముక్కని దవడలోంచి ఊడదీసుకుని, అంచు మీద బొటనవేలు నడిపింది. తడి తోళ్ళు పట్టి పట్టి కాయలు కాసిన వేలు అది.

"తడిగా ఉన్నప్పుడు లాగితే ఏమవుతాయే పోగులు?" అంది కోడల్ని.

 ఈ ప్రశ్న వస్తుందని భూతద్దానికి రాత్రినుంచీ తెలుసు. ఇంట్లో తను వండిన కూర ముందు రుచి చూసి, ఉప్పు తక్కువైతే అందరికంటే ముందు వేసేసి, ఎవరికీ చెప్పని మనిషి ఈవిడ. తనకి జ్వరమొస్తే షెడ్డు వదిలేసి మంచం పక్కన కూర్చున్న మనిషి.

"అడిగితే చెప్పవేం?"

"జారతాయి అత్తయ్యా. ఎటు లాగితే అటు తిరుగుతాయి. కొంచెం లాగితే ఏం కాదు. గట్టిగా లాగి, అలాగే ఆరనిస్తే ఇక వెనక్కి రావు."

"అమ్మా, నువ్వు ఊరుకో," అన్నాడు మేస్త్రి.

"నువ్వు ఊరుకోరా." పెద్దమ్మ యజమాని వైపు తిరిగింది. "తోళ్ళు లాగి ఆరబెట్టే కొత్త చట్రాలు తెచ్చినరోజు ఏమన్నావు బాబూ? మరలూ గిరలూ ఉన్న చట్రాలు, పెద్దమ్మ వల్ల కాదు, ఎవరైనా కుర్రాళ్ళని పెడదామన్నావు. నా వెనకే అన్నావులే, కానీ నాకు చెవులున్నాయి. నా వల్ల కాకపోవడమేంటని మర నిలువునా బిగించాను. తోలు పొడుగైంది, ముడత లేదు, అద్దంలా వచ్చింది. నువ్వు చూసి శభాష్ అన్నావు. ఇంకో చుట్టు తిప్పమన్నాను. ఎవరో చెప్పి చెయ్యలేదు. నేనే తిప్పమన్నాను."

ఆవిడ గొంతు వణకలేదు. 

"ఒకడి తుంటి విరిచాను. అది చాలక, నా కొడుకు నా తప్పు నెత్తిన వేసుకుని ఊరేగుతుంటే స్టూలెక్కి కూర్చుని చూశాను."

"నీకు తెలియదు కదమ్మా!" మేస్త్రికి ఏడుపొచ్చేసింది, దాచుకోలేదు. "నాక్కూడా ముందు తెలియలేదు. బెజ్జాలు కొడుతుంటే అంచు చిట్లింది. బెజ్జాల ఉలి మొన అరిగిందనుకున్నాను, సాన పట్టాను. ఆయన పడ్డాడని తెలిశాక అర్థమైంది. నలుగురూ నిన్ను వేలెత్తి చూపిస్తే నువ్వు తట్టుకోలేవు. షెడ్డు లేకపోతే నువ్వు బతకవు. అందుకని..."

"అందుకని మిగతా పట్టీల మాటేంటి?" భూతద్దం అతని చొక్కా పట్టుకుంది. "నువ్వు చెప్పిన మాట నమ్మి సార్ పొద్దున అందర్నీ ఎక్కించారు! అమ్మ పరువు కోసం ఎంతమందిని పైకి పంపావు?"

"ఎవర్నీ పంపలేదు! నేనంత పాపిష్టివాణ్ణా? ఆ విడతలో బయటికి వెళ్ళింది ఆయన పట్టీ ఒక్కటే. మిగతావన్నీ అలమరాలోనే ఉన్నాయి. ఆయన పడ్డరోజే అన్నీ తీసి ముక్కలు ముక్కలు చేసేశాను. అమ్మతోడు. కావాలంటే నా బల్ల కింద సంచి చూసుకో."

ఆమె చెయ్యి వదులైంది.  బయట ఎవరి నడుముకీ ఆ తోలు లేదు. ఈ మనిషి అబద్ధమాడాడు, కానీ ఎవరి ప్రాణంతోనూ ఆడలేదు. అతన్ని అక్కడికక్కడే రెండు పీకాలనిపించింది, కౌగిలించుకోవాలనీ అనిపించింది. యజమాని అయితే గట్టిగా ఊపిరి వదిలి, "బతికించావురా," అనేశాడు, పొద్దున పంపేస్తానన్నది మరిచిపోయి.

"ఒకటి తగ్గిందిగానీ, నేనే లెక్క తప్పి ఉంటాను," అన్నాడు మేస్త్రి కళ్ళు తుడుచుకుంటూ.

ఏదో కింద పడిన చప్పుడైంది. పెద్దమ్మ చేతిలోని తోలు ముక్క.

"నువ్వు లెక్క తప్పలేదు," అంది ఆవిడ. ఇందాక తప్పు ఒప్పుకున్నప్పుడు వణకని గొంతు ఇప్పుడు వణికింది. "ఒకటి నేను తీశాను."

ముగ్గురూ ఆవిడ వైపు తిరిగారు.

"ఆ మధ్య ఇంటికొచ్చినప్పుడు, పాత పట్టీ సాగిపోయి నడుం మీద నిలవడం లేదు పెద్దమ్మా, నేనెక్కుతుంటే అది దిగుతోంది అని నవ్వించాడు. కూతురు పుట్టినవాడు, ఇంకా ఆ పాత తోలేంటని నేనే తీసిచ్చాను. ఈ విడత ఇసుమంతైనా సాగదని నువ్వే కదే మెచ్చుకున్నావు. నీకు చెబితే అలమరాలోంచి అడగకుండా తియ్యకూడదని నా మీదికొస్తావని, చెప్పొద్దన్నాను వాడితో." ఆవిడ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. "మీ అన్నకిచ్చానే. ఉడుతకిచ్చాను."

భూతద్దం కిటికీ దగ్గరికి ఎలా చేరిందో ఆమెకే తెలియదు.

ఎర్ర టోపీ ఇప్పుడు ఇంకా పైకి వెళ్ళింది. పొగగొట్టం మూతి కింద, చువ్వకి పట్టీ చుట్టి, పాదాలు గోడకి తన్నిపెట్టి, ఒళ్ళంతా వెనక్కి వాల్చి ఉన్నాడు ఉడుత. కుడిచేత్తో కుంచె నిదానంగా పైకీ కిందికీ నడుస్తోంది. నడుం చుట్టూ పట్టీ మెరుస్తోంది. కొత్తది. అద్దంలా ఉంది. పొద్దుటినుంచీ ఈ కిటికీలోంచే చూస్తోంది ఆమె. టోపీ చూసింది, నడుం చూడలేదు.

మేస్త్రి పక్కకొచ్చి కిటికీ రెక్క తోశాడు. "బావా!" అని కేకవెయ్యబోయి గుండెలనిండా గాలి పీల్చాడు. ఆమె రెండు చేతులతో అతని నోరు మూసేసింది.

"పిలవకు! పిలిస్తే ఇటు తిరుగుతాడు. తిరగకూడదు. తిన్నగా వాలి ఉన్నంతసేపూ అది ఆగుతుంది. తిరగకూడదు."

"మరెలా దించుతాం?"

"పైకెళ్ళాలి. కిందనుంచి చప్పుడు చెయ్యకుండా వెళ్ళి, ఇంకో తాడుతో చువ్వకి కట్టెయ్యాలి. ఆ తర్వాతే మాట."

మేస్త్రి మారు మాట్లాడలేదు. మూలనున్న తాడు చుట్ట భుజాన వేసుకుని గడియ లాగి పరిగెత్తాడు. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ మేడ మెట్లు దిగడానికి కూడా గోడ పట్టుకునే మనిషి.

అతను ఆవరణ దాటుతుండగా భూతద్దం కళ్ళు గోడ గడియారం మీద పడ్డాయి. 

"సార్, సైరన్!"

యజమానికి అర్థం కాలేదు.

"సైరన్ మోగగానే మా అన్నయ్య ఇటు తిరుగుతాడు! నాకు టోపీ ఊపడానికి! ఆపించండి సార్!"

యజమాని గోడకున్న ఫోను మీద పడ్డాడు. అటువైపు గేటు గదిలో ఫోను మోగుతూనే ఉంది. కాపలావాడు తియ్యడం లేదు. ఈ వేళప్పుడు అతను ఎప్పుడూ తియ్యడు, సైరన్ మీట దగ్గర నిలబడి ఉంటాడు. పెద్దమ్మ చెప్పులు లేకుండానే గేటు వైపు పరిగెత్తింది. కింద మేస్త్రి మొదటి చువ్వ పట్టుకున్నాడు.

భూతద్దం కిటికీ దగ్గరే నిలబడింది. తను కనిపించకపోతే చూడడానికి ఇంకా వంగుతాడు. కనిపిస్తే టోపీ ఊపుతాడు. రెండు అరచేతులూ మూసి ఉన్న రెక్క అద్దానికి ఆనించి, తిరగొద్దు అన్నయ్యా, ఈ ఒక్కరోజూ తిరగొద్దు అని లోపల్లోపలే బతిమాలుకుంది.

సైరన్ ముందు గొంతు సవరించుకున్నట్టు గుర్రుమంది. తర్వాత ఫ్యాక్టరీ అంతా అదిరేలా లేచింది.

పొగగొట్టం మీద కుంచె ఆగింది. ఉడుత ఎడమచెయ్యి చువ్వని వదిలేసి టోపీ మీదికి వెళ్ళింది.